ముఖము మారిన మిత్రుడు

నా వ్రాతబల్లమీద రెండు ఛాయాచిత్రములు కలవు. రెండింటిలోను ఉన్నవాని చెవులు పైకి కొనదేలి ఉండును. కనుబొమలు ఏటవాలుగా పైకి లేచి ఉండును. జుట్టు నుదుటిమీద గీత గీచినట్లు కత్తిరింపబడి ఉండును. ముఖములు మాత్రము వేరు. మా ఇంటికి వచ్చినవారు వానిని చూచి, "వీరిద్దరు అన్నదమ్ములా?" అని అడుగుదురు. "కాదు, ఇద్దరును ఒక్కరే" అని నేను బదులు చెప్పుదును. వారు నావంక వింతగా చూచి మాట మార్చుదురు. వారి తప్పేమియు లేదు. నేను చెప్పు ఆ మాటలోని సత్యమును గ్రహించుటకు నాకే ముప్పది సంవత్సరములు పట్టినది. అంతవరకు ఆ రెండవ పటము నా గుమ్మము దాటుటకు నేను ఒప్పుకొనలేదు. ఆ పట్టుదల వలన ఒకనాడు నా బిడ్డ మనస్సును కూడ నొప్పించితిని. ఆ సంగతిని చెప్పుటకే ఇది వ్రాయుచున్నాను.

పటములలోని వాని పేరు స్పాక్. అతడు తల్లి కడుపున పుట్టినవాడు కాడు, కథలో పుట్టినవాడు. జీన్ రాడెన్‌బెరీ అను రచయిత కల్పించిన "స్టార్ ట్రెక్" అను విజ్ఞాన కల్పనా గాథ 1966 సెప్టెంబరు 8వ తేదీన అమెరికా టెలివిజన్‌లో ధారావాహికగా మొదలయ్యెను. కొన్ని వందల ఏండ్ల తరువాత మానవులు నక్షత్రముల నడుమ ప్రయాణము చేయు కాలమది. ఎంటర్‌ప్రైజ్ అను ఓడ తెలియని లోకములను వెదకుచు పోవుచుండును. దాని నాయకుడు కెప్టెన్ కిర్క్. అతని కుడిభుజము స్పాక్. వల్కన్ అను గ్రహమునకు చెందినవాడు స్పాక్ తండ్రి. తల్లి మన భూలోకపు స్త్రీ. వల్కనులు కోపతాపములను, సంతోషవిషాదములను అణచుకొని తర్కమునే నమ్మి జీవింతురు. స్పాక్ అటు పూర్తిగా వల్కను కాలేడు, ఇటు పూర్తిగా మనిషియు కాలేడు.

1980 దశకము నడుమ ఈ ధారావాహికను మన దూరదర్శన్ ఆదివారపు ఉదయములందు ప్రసారము చేసెను. నేనప్పుడు చదువు కొఱకు మా పల్లెను విడిచి పట్టణమున మేనమామ ఇంట ఉంటిని. తరగతిలో నేను నోరు తెరచిన చాలు, నా పల్లెయాస విని తోడి పిల్లలు నవ్వెడివారు. సెలవులకు ఊరికి పోయినచో, "పట్నం బాబు వచ్చాడు" అని అక్కడి స్నేహితులు వేళాకోళము చేసెడివారు. ఇట్లు రెండు చోట్లను పరాయివాడనై ఉన్న నాకు, పొరుగువారి వరండాలోని చిన్న నలుపు తెలుపుల టెలివిజన్‌లో స్పాక్ కనబడెను. అతని ఆంగ్లము నాకు సగము కూడ తెలియలేదు. అయినను ఎవరు ఎగతాళి చేసినను ఒక కనుబొమను మాత్రము పైకెత్తి, తన పని తాను చేసికొనిపోవు ఆ తీరు నాకు తెలిసినది. మరునాటి నుండి తరగతిలో ఎవరైన నవ్వినచో నేనును కనుబొమ ఎత్తుట అభ్యసించితిని. అది సరిగా కుదరక నా ముఖము వంకర పోయెడిది; అందుచేత వారు మరింత నవ్వెడివారు. అయినను అప్పటి నుండి ఆ నవ్వు నన్ను అంతగా బాధింపలేదు.

మా తాతయ్య ఒకనాడు నాతోపాటు ఆ వరండాలో కూర్చుండి స్పాక్‌ను చూచెను. "ఏరా అబ్బాయ్, ఎవరీయన? యక్షుడా, గంధర్వుడా?" అని అడిగెను.

"కాదు తాతయ్యా, వేరే గ్రహంవాడు. తండ్రిది ఆ గ్రహం. తల్లి మన భూమి మనిషి."

"అయితే మన ఘటోత్కచుడి లాంటివాడన్నమాట! అక్కడ తండ్రి మనిషి, తల్లి రాక్షసి. అంతే తేడా" అని తాతయ్య తేల్చి చెప్పెను. అటుపిమ్మట ఆయనకు స్పాక్ పరాయివాడుగా తోపలేదు. "ఇవాళ ఘటోత్కచుడు వస్తాడా?" అని ఆదివారము నాడు నాకంటె ముందుగా తానే లేచి అడిగెడివాడు.

ఘటోత్కచుని మాట వచ్చినందున తాతయ్యకు "మాయాబజారు" గుర్తుకు వచ్చెను. ఆయన పద్యనాటకములనిన ప్రాణము పెట్టువాడు. యౌవనమున ఈలపాట రఘురామయ్య శ్రీకృష్ణ పాత్రను చూచుటకై కోసులకొలది నడచి పోయినవాడు. "1957లో మాయాబజారు వచ్చినప్పుడు నేను చూడనని భీష్మించుకుని కూర్చున్నానురా. రఘురామయ్యను చూసిన కళ్లతో ఇంకొకరిని కృష్ణుడని ఎలా చూసేది? మీ అమ్మమ్మ వెళ్లొచ్చింది. ఊళ్లో వాళ్లంతా వెళ్లొచ్చారు. చివరికి ఎవరికీ చెప్పకుండా పక్క ఊళ్లో రెండో ఆట చూశాను. రామారావు తెరమీదికి రాగానే నా చేతులు వాటంతట అవే జోడించుకున్నాయి" అని ఆయన నవ్వుచు చెప్పెను. నేను ఆ కథను విని నవ్వితిని గాని, దానిని మనస్సున నిలుపుకొనలేదు. పెద్దలు చెప్పినది మనకు అవసరమైన దినమున గుర్తుకు రాకపోవుట లోకమున తఱచు జరుగునదే.

వయస్సు వచ్చిన కొలదియు స్పాక్ వెనుకనున్న మనిషిని గూర్చి తెలిసికొనవలెనను కోరిక నాకు కలిగినది. అతని పేరు లెనార్డ్ నిమోయ్. 1931 మార్చి 26వ తేదీన బోస్టన్ నగరమున జన్మించెను. తలిదండ్రులు ఉక్రెయిన్ ప్రాంతము నుండి వలస వచ్చిన యూదులు. తండ్రి క్షౌరశాల నడపి కుటుంబమును పోషించెను. నిమోయ్ చిరకాలము చిన్న చిన్న వేషములతో కాలము గడపెను. స్పాక్ పాత్ర లభించునప్పటికి ఆయన వయస్సు ముప్పదిమూడేండ్లు దాటినది.

రచయిత కాగితముమీద వ్రాసిన పాత్ర వేరు. నటుడు దానికి పోయు ప్రాణము వేరు. ఒక కథయందు స్పాక్ శత్రువును ఆయుధముతో మోది పడవేయవలెనని వ్రాసియుండెను. ఇంతటి నాగరకుడు అట్లు చేయుట తగదని తలచి, మెడ ప్రక్కన వ్రేళ్లతో నొక్కి స్పృహ తప్పించు ఉపాయమును నిమోయ్ సూచించెను. అది స్పాక్‌కు శాశ్వత లక్షణమైనది. అట్లే వల్కనుల నమస్కారము. అరచేయి ఎదుటివారికి కనబడునట్లు ఎత్తి, నాలుగు వ్రేళ్లను రెండేసిగా కూర్చి నడుమ సందు విడిచి, బొటనవ్రేలిని ప్రక్కకు చాపుట ఆ నమస్కారపు తీరు. నిమోయ్ బాల్యమున తండ్రితాతలతో కూడి యూదుల ప్రార్థనామందిరమునకు పోయినప్పుడు, అర్చకులు ఆశీర్వదించు సమయమున కన్నులు మూసికొనవలెనని పెద్దలు చెప్పిరి. బాలుడు ఊరకుండునా? దొంగతనముగా చూచెను. అర్చకుల చేతులు ఆ ముద్రలో కనబడెను. బాల్యమున దొంగచూపుతో చూచిన ఆ ఆశీర్వాద ముద్రను పెద్దవాడై 1967లో స్పాక్‌కు ఇచ్చెను. నేడు ప్రపంచమంతటను పిల్లలు ఆ నమస్కారమును చేయుచున్నారు.

ఆ ఓడలో స్పాక్ ఒక్కడే కాడు. ఊహురా అను అధికారిణి పాత్రను నిషెల్ నికొల్స్ అను నల్లజాతి నటీమణి ధరించెను. ఆ కాలమున అమెరికా టెలివిజన్‌లో నల్లజాతి స్త్రీలకు పనికత్తెల వేషములే ఎక్కువగా లభించుచుండెను. మొదటి సంవత్సరము ముగియగానే నికొల్స్ రంగస్థలమునకు మరలిపోవలెనని తలచెను. అప్పుడొక సభలో మార్టిన్ లూథర్ కింగ్ తన్ను కలిసికొని, ఆ పాత్రను విడువవలదని కోరినట్లు ఆమెయే పలుమార్లు చెప్పెను. ఆమె నిలిచెను. 1977 నుండి ఆమె అమెరికా అంతరిక్ష సంస్థయైన నాసా పక్షమున తిరిగి, స్త్రీలను, నల్లజాతివారిని వ్యోమగాములగుటకు ముందునకు రమ్మని ఆహ్వానించెను. 1978లో నాసా ఎన్నుకొనిన ముప్పదియైదుగురిలో ఆరుగురు స్త్రీలు, ముగ్గురు నల్లజాతివారు ఉండిరి. ఊహురాను చూచి పెరిగిన మే జెమిసన్ 1992లో అంతరిక్షమునకు పోయిన ప్రథమ నల్లజాతి వనిత అయ్యెను. ఓడను నడపు సులూ పాత్రను ధరించిన జార్జి టకే జపాను సంతతివాడు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున, ఐదేండ్ల వయస్సుననే, తలిదండ్రులతో కూడ నిర్బంధ శిబిరమున బంధింపబడినవాడు. తనను పరాయివానిగా ఎంచి బంధించిన దేశమున, అందరికిని చెందిన ఓడకు అతడు చోదకుడై కూర్చుండెను.

1973లో ఈ గాథను బొమ్మల చిత్రముగా తీయ సంకల్పించినప్పుడు, ఖర్చు తగ్గించుటకై నికొల్స్‌ను, టకేను విడిచిపెట్టి తక్కినవారి గొంతులతోనే పని ముగింప చూచిరి. వారు లేనిచో తానును రానని నిమోయ్ పట్టుపట్టెను. తుదకు వారిద్దరును పిలువబడిరి. నాకు స్పాక్‌పై ఉన్న ప్రేమ నిమోయ్ మీదికి ప్రసరించినది ఈ సంగతి చదివిన దినముననే.

కాని ఆ ప్రేమకు ఒక దెబ్బ కూడ తగిలినది. కళాశాలలో చదువుచుండగా, నిమోయ్ 1975లో "నేను స్పాక్‌ను కాను" అను పేరుతో ఒక ఆత్మకథను ప్రకటించెనని తెలిసినది. గ్రంథము నాకు దొరకలేదు. పేరు మాత్రమే తెలిసినది. ఆ పేరే చాలినది. మిత్రుడు నడివీధిలో నన్ను ఎరుగనన్నట్లు తోచినది. తరువాత 1995లో ఆయన "నేను స్పాక్‌ను" అను మరియొక గ్రంథము వ్రాసెను. అప్పుడు నాకు కలిగిన సంతోషము ఇంతంత కాదు. "చూచితిరా, ఒప్పుకొనెను!" అని మిత్రులకెల్ల చెప్పితిని. మొదటి గ్రంథమున కూడ ఆయన స్పాక్‌ను త్రోసివేయలేదనియు, నటుడును పాత్రయును తమలో తాము సంభాషించుకొనినట్లు అందు వ్రాసెననియు నాకు చాల కాలమునకు గాని తెలియలేదు. నటుడు ఇంటికి పోయి వేషము తీసివేసిన పిమ్మట అతనికి భార్యాబిడ్డలు, అప్పులు, అనారోగ్యములు, ఇష్టానిష్టములు ఉండునని నేను తలపనే లేదు. నాకు కావలసినది చెవులు కొనదేలినవాడు మాత్రమే.

పైగా ఆ రెండవ గ్రంథము పేరునుండి నేను ఒక తప్పు సిద్ధాంతమును చేసికొంటిని. నిమోయ్ స్పాక్ అయినచో, మరియొకడు స్పాక్ కాజాలడని! 2009లో జె. జె. అబ్రామ్స్ దర్శకత్వమున "స్టార్ ట్రెక్" క్రొత్త చలనచిత్రము వచ్చినది. అందు యువకుడైన స్పాక్‌గా జాకరీ క్వింటో నటించెను. మా అమ్మాయికి అప్పుడు పండ్రెండేండ్లు. నేను చెప్పగా చెప్పగా విని ఆమెకును ఆ ఓడయందు ఆసక్తి కలిగియుండెను. తన దాచుకొన్న డబ్బులతో రెండు టిక్కెట్లు తెప్పించి, "నాన్నా, మనిద్దరం వెళ్దాం" అని నా చేతిలో పెట్టెను.

నేను ఆ టిక్కెట్లను బల్లమీద పెట్టి, "నువ్వు చూడబోయేది స్పాక్ కాదమ్మా. స్పాక్ వేషం వేసుకున్న ఎవడో కుర్రవాడు. నేను రాను" అంటిని.

ఆమె ఏమియు అనలేదు. తల్లిని తోడుగా తీసికొని పోయినది. తిరిగి వచ్చినప్పుడు ఆమె ముఖము వెలుగుచుండెను. నన్ను చూడగానే ఆ వెలుగును దాచుకొనెను. ఎట్లున్నదని నేను అడుగలేదు, ఆమె చెప్పలేదు. అటుపిమ్మట ఆమె నాయెదుట ఆ ఓడ మాటయే ఎత్తలేదు. నేను నేర్పిన ఇష్టమును నాకు తెలియకుండ దాచుకొనవలసిన స్థితికి నా బిడ్డను తెచ్చితిని. తాతయ్య చెప్పిన మాయాబజారు కథ ఆ దినమున నాకు గుర్తుకు రాలేదు.

2015 ఫిబ్రవరి 27వ తేదీన నిమోయ్ ఎనుబది మూడవ యేట మరణించెను. పొగత్రాగుట వలన వచ్చిన ఊపిరితిత్తుల వ్యాధి ఆయనను కబళించినది. ముప్పది సంవత్సరముల క్రిందటనే ఆ అలవాటును మానితిననియు, అయినను మానుటలో ఆలస్యమయ్యెననియు ఆయన మరణమునకు ముందే లోకమునకు తెలిపి, అభిమానులను పొగ మానుడని వేడుకొనెను. మరునాడు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రమున నున్న టెర్రీ వర్ట్స్ అను వ్యోమగామి, క్రింద భూగోళము కనబడుచుండగా, కిటికీయొద్ద చేయి ఎత్తి వల్కను నమస్కారము చేసి, ఆ ఛాయాచిత్రమును భూమికి పంపెను.

ఆ వార్త మన దేశమునకు తెలిసిన ఉదయముననే మా అమ్మాయి ఫోను చేసెను. ఆమె అప్పుడు విశాఖపట్టణమున చదువుచుండెను. "నాన్నా, ఎలా ఉన్నావు?" అని, దగ్గర బంధువు పోయినప్పుడు అడుగునట్లు అడిగెను. నా గొంతు పెగలలేదు. కొంతసేపు ఊరకుండి ఆమెయే మరల, "ఆ సినిమా నువ్వు చూడనే లేదు నాన్నా. అందులో పెద్ద స్పాక్ కూడా ఉన్నాడు. చివర ఇద్దరూ ఎదురెదురుగా నిలబడతారు. ఆయనే ఆ అబ్బాయికి అప్పగించాడు. ఒక్కసారి చూడు" అనెను.

ఆ రాత్రి ఒంటరిగా కూర్చుండి ఆ చిత్రమును చూచితిని. కథలో వృద్ధుడైన స్పాక్ కాలమున వెనుకకు వచ్చి, యువకుడైన తన్ను తాను కలిసికొనును. యువకుడు వెనుక నుండి వృద్ధుని చూచి, తన తండ్రియే యని భ్రమించి పిలుచును. వృద్ధుడు వెనుదిరుగును. ఒకే మనిషి రెండు ముఖములతో ఎదురెదురుగా నిలుచును. తమ జాతికి సేవచేయుటకై ఓడను విడిచిపోవలెనని యువకుని సంకల్పము. ఆ భారమును నేను మోయుదును, నీవు ఓడలోనే ఉండుమని వృద్ధుడు నచ్చజెప్పును. తర్కమును ప్రక్కకు పెట్టి హృదయము చెప్పినట్లు చేయుమనును. కథలో అది స్పాక్ స్పాక్‌నకు చెప్పిన హితవు. నాకు మాత్రము అది డెబ్బదియెనిమిదేండ్ల నటుడు తన నలుబది సంవత్సరముల సొత్తును మరియొకని చేతిలో పెట్టినట్లు తోచెను. దానిని నిర్మించినవాడే మనస్ఫూర్తిగా ఇచ్చివేయుచుండగా, వద్దనుటకు నేనెవడను?

అప్పుడు తాతయ్య మాటలు గుర్తుకు వచ్చినవి. కృష్ణుడు రఘురామయ్య సొత్తు కాడు. రామారావు సొత్తును కాడు. ఒక పాత్ర ఒక్క నటునితోనే ముగిసినచో, ఆ నటుని కృషికి అదియే ముగింపు. తరువాతివాడు దానిని ఎత్తుకొనినప్పుడు, మొదటివాడు చెక్కిన రూపము కూడ వానితో ముందునకు నడచును. క్వింటో కనుబొమ ఎత్తినప్పుడెల్ల నాకు నిమోయ్ కనబడెను. ఎవరిని పోగొట్టుకొందునో యని భయపడి నేను తలుపు మూసికొంటినో, ఆయన ఆ తలుపు వెలుపలనే ఆరేండ్లు నిలుచుండెను.

ఆ రాత్రియే అమ్మాయికి ఫోను చేసి, "తప్పు చేశానమ్మా. ఆ రోజు నీతో రావలసింది" అంటిని. "2016లో ఇంకొకటి వస్తుంది నాన్నా. దానికి టిక్కెట్లు నువ్వు కొను" అని ఆమె నవ్వెను.

కొంటిని. ఇద్దరమును పోయితిమి. ఆ చిత్రమున వృద్ధ స్పాక్ మరణవార్త యువ స్పాక్‌నకు అందును. ఆయన విడిచిపోయిన వస్తువుల పెట్టెను తెరచి చూడగా, అందు పూర్వపు ఓడవారందరును కలిసి తీయించుకొన్న ఛాయాచిత్రము ఉండును. వారందరును అందు వృద్ధులే. చీకటిలో మా అమ్మాయి నా చేతిని పట్టుకొనినది. ఆ తరువాతి నెలలో నా పుట్టినదినమునకు ఆమె క్వింటో పటమును చట్రము కట్టించి తెచ్చి, నిమోయ్ పటము ప్రక్కన నిలిపినది.

2019లో ఈథన్ పెక్ అను మరియొక నటుడు టెలివిజన్‌లో స్పాక్ పాత్రను చేపట్టెను. వెనుకటి అలవాటు చొప్పున నాకు మొదట కొంత చిరాకు కలిగిన మాట నిజమే. అమ్మాయి నా ముఖము చూచి, "మూడో పటానికి బల్లమీద చోటుందా నాన్నా?" అని అడిగినది. నేను బదులు చెప్పలేదు. ఒక కనుబొమను పైకెత్తబోయితిని. చిన్ననాటివలెనే అది కుదరక ముఖము వంకర పోయినది. ఆమె పకపక నవ్వెను. నేను లేచి, ఆ రెండు పటములను కొంచెము ప్రక్కకు జరిపితిని.